పప్పు డబ్బాల కింద సింహాలు

మొన్న శుక్రవారం పొద్దున, సౌదీలో అల్ ఖోబర్ అజీజియాలోని మా బిడ్డ ఇంట్లో నేను గోరుచిక్కుడు తుంపుతుంటే, మనవరాలు బడి పని ముందేసుకొని ఐరోపా రాజవంశాల డాలు గుర్తులకు రంగులు వేస్తోంది. పిల్ల బొమ్మ ఎట్లుందో చెబుతుంటే, వంటింట్లోంచే తల్లి ఒక్కొక్కటీ చెప్పసాగింది: నీలం మీద మూడు బంగారు లిల్లీపూలైతే ఫ్రాన్సు రాజులది, ఎర్రటి డాలు మీద తెల్ల శిలువైతే సవాయ్ వంశానిది, రెండు తలల నల్ల గద్ద హాప్స్‌బర్గులది. పిల్ల ముచ్చటపడి, ఇంకో డాలు పట్టుకెళ్ళి చూపించి, ఇందులో కోట, సింహం రెండూ ఎందుకున్నాయని అడిగింది. మా బిడ్డ, "అది వెనక పేజీల ఉండెనే. నేను చదవలే" అంది.

ఆ వెనక పేజీ ఏమైందో ఆ ఇంట్లో మా ఇద్దరికే తెలుసు.

మా ఆయన జుబైల్‌లో వెల్డింగ్ ఫోర్‌మన్‌గా, మేమూ ఆయన వెంట అక్కడే ఉన్న రోజులవి. ఫైనల్ ఎగ్జిట్ మీద తన దేశం పోతున్న తెల్ల ఇంజనీరు ఒకాయన, మీ పాపకివ్వమని దిండంత లావు పుస్తకం ఆయన చేతిలో పెట్టాడు. ప్రతి కాగితానికీ ముందువైపు ఒక వంశం గుర్తు, వెనకవైపు ఆ వంశం కథ. మూడో తరగతితో చదువు ఆగిన నాకు ఆ అక్షరాలు చీమలబారులాగే కనిపించాయి గానీ, కాగితం గుణం మాత్రం చేతికి తెలిసింది: మందంగా, నున్నగా, నూనె పడినా తుడిస్తే పోయేట్టుంది. మన కాలం ఆడవాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు, వట్టి షెల్ఫు మీద డబ్బా పెట్టడం మనకు పడదు, అలాగని ప్లాస్టిక్ షీటు కొనడం నాకు దండగ. నాలుగో తరగతి బిడ్డ బడికి పోయిన పూట పుస్తకం కుట్టు విప్పి, సముద్రపు చెమ్మకు ముడుచుకోకుండా మైదా ఉడికించిన జిగురుతో షెల్ఫులన్నిటికీ అంటించేశాను. బొమ్మలు పైకి, కథలు కిందికి. అందంగా ఉందని మురిశాను కూడా.

అది బడి నుంచి వచ్చి ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఆనాటి నుంచి స్టూలెక్కి, కందిపప్పు డబ్బా జరిపి ఒక సింహాన్ని, చింతపండు సీసా జరిపి ఒక గద్దను చూసి, కింద ఉన్న పేరు కూడబలుక్కుని నోటుబుక్కులో గీసుకునేది. ఒకనాడు తడిగుడ్డ అద్ది, కోటా సింహమూ ఉన్న కాగితం అంచు లేపుతుంటే చూశాను. "రాజుల ముచ్చట్లు నీకేం కూడు పెడుతయే" అని గరిటె కాడతో వేళ్ళ మీద కొట్టాను. మా ఆయన చూసి, అన్నం సగంలో లేచిపోయాడు.

మొన్న ఆ శుక్రవారమే మనవరాలు ఫోనులో వెతికి చదివి వినిపించింది. కోట తల్లి వైపు రాజ్యానిదట, సింహం తండ్రి వైపు రాజ్యానిదట, రెండూ అందుకున్న కొడుకు ఇద్దరి గుర్తులనూ ఒకే డాలు మీద పెట్టుకున్నాడట. మా బిడ్డ తడిచేతులతో గుమ్మంలో నిలబడి విన్నది. "గంతేనా, నేనింకేందో అనుకున్న" అని నవ్వింది. పిల్ల ముందు నా పేరెత్తలేదు, నా వైపు చూడనూ లేదు.

ఇప్పుడు వెనక పేజీలన్నీ వేలి కొసనే ఉన్నాయి, ఏ తల్లీ జిగురు పెట్టి మూయలేదు. చేతిలో ఫోనుండి కూడా మా బిడ్డ ఇన్నేళ్ళూ అది ఎందుకు వెతకలేదో అడిగే మొహం నాకు లేదు. చిక్కుడు గిన్నె పెట్టి రావడానికి వంటింట్లోకి పోయాను. దాని షెల్ఫులన్నీ వట్టివే, డబ్బాల కింద ఎక్కడా కాగితం ముక్క లేదు. కాగితం వేయకపోవడం దాని బద్ధకమే అనుకొని, ఇన్నాళ్ళూ వచ్చినప్పుడల్లా దెప్పుతూనే ఉన్నాను.