తెగినా పచ్చగా ఉన్న మిరియం తీగ

ఇలా జరగండి, పొయ్యి వేడి తగిలేంత దగ్గరగా. మా కొండల్లో చలి గోడ దాటి లోపలికి వస్తుంది. గ్లాసుల్లో కాఫీ పోశాను, తాగుతూ వినండి. పెద్ద కథేమీ కాదు. మా ఆయన నాటిన మిరియం తీగ సంగతి, అంతే.

మా తోట ఇంటి వెనకే, వాలులో ఉంది. కాఫీ మొక్క నేరుగా ఎండ పడితే ఓర్చుకోలేదు, ఆకు మాడిపోతుంది. అందుకని నీడకు సిల్వర్ ఓక్ చెట్లు పెంచుతాం, ఆ చెట్లకు మిరియం పాకిస్తాం. మా అమ్మాయి నా కడుపులో ఉన్నప్పుడు మా ఆయన వాకిలికి ఎదురుగా ఉన్న చెట్టు మొదట్లో ఒక తీగముక్క పాతాడు. ఉత్తరం వైపు పాతాడు. మధ్యాహ్నం ఎండ అటు తక్కువ.

లేత మిరియం తీగను ఎప్పుడైనా చూశారా? పట్టు దొరికేదాకా నేల మీద వెతుక్కుంటూ పాకుతుంది. బెరడు తగిలిందంటే కణుపు కణుపుకూ చిన్న వేళ్ళు వేసి పట్టుకుంటుంది. అక్కణ్ణుంచి ఆకులు కూడా పెద్దవవుతాయి. చెట్టు ఎటు ఉందో దానికి ఎలా తెలుస్తుందో నాకు తెలియదు. మా ఆయన మాత్రం దాని మీదే వదిలెయ్యకుండా అరటి నారతో కట్టేవాడు. "మనం కాస్త సాయం సేత్తే బేగి ఎక్కుతాది," అనేవాడు.

ఒక వానాకాలం తెగులు వచ్చి తోటలో తీగలన్నీ నల్లబడి రాలిపోయాయి. ఈ ఒక్కటీ నిలిచింది. దీనికి తెగులు అంటలేదు కాబట్టి దీని ముక్కలే అన్ని చెట్ల కిందా పాతాలని ఆయన అనుకున్నాడు. ఈ ఏడు, వచ్చే ఏడు అంటూ ఉండగానే జ్వరం వచ్చింది. జీపులో పాడేరు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆ జీపులోనే తిరిగి తీసుకొచ్చాం.

నేను ఏడవలేదు. ఏడవకూడదని కాదు, రాలేదు. వచ్చినవాళ్ళకు చాపలు వేశాను, పోయేవాళ్ళను గుమ్మం దాకా సాగనంపాను. ఒకసారి పొయ్యి మీద గిన్నె ఉత్త చేతులతో దించాను. వేలు బొబ్బెక్కాక గాని కాలిందని తెలియలేదు.

మా ఊళ్ళో ఇంటి మనిషి పోతే, పెద్ద భోజనం పెట్టేదాకా ఆ ఇంటివాళ్ళు తోటలో కత్తి పెట్టకూడదు. అది వానల కాలం, తుప్పలు కాఫీ మొక్కల నడుముకు వచ్చేశాయి. అందుకని చుట్టాలే కత్తులు పట్టుకుని వచ్చి మా వాలంతా శుభ్రం చేసి పోయారు. అలా ఒకరి ఇంటికి ఒకరు చేసుకుంటాం. నేను వాళ్ళకు అంబలి పోశాను.

ఆ తర్వాత రోజూ అరుగు మీద కూర్చుని ఆ తీగకేసి చూస్తూ ఉండేదాన్ని. ఏమీ అనుకునేదాన్ని కాదు. కళ్ళు ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా, అక్కడ పెట్టేదాన్ని. చెట్టు నిండా ఆకులు, పచ్చి మిరియాల కంకులు, పొద్దున మంచు దిగితే అన్నీ తడిసి మెరిసేవి.

పాడేరులో ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి ఆదివారం వచ్చింది. నా పక్కన కాసేపు కూర్చుంది. లేచి చెట్టు దగ్గరికి వెళ్ళి, మొదట్లో కుప్పగా పడి ఉన్న తుప్పలు పక్కకు లాగి చూసింది.

"అమ్మా, తీగ తెగిపోయుంది."

"ఏటి తెగింది? పచ్చగానే ఉంది కదే."

"పైన పచ్చగా ఉంది. కిందన నరికేసేరు. ఇలా వచ్చి సూడు."

వెళ్ళి చూశాను. బొటనవేలంత తీగ, మట్టికి జానెడు పైన, ఒక్క వేటుకు తెగినట్టుంది. తుప్పల్లో కలిసిపోయి కనబడి ఉండదు. కింది ముక్క కొస నల్లగా ఎండింది. పైముక్క చెట్టును పట్టుకుని అలాగే ఉంది.

"పోనీ," అన్నాను. "చెట్టుకి అంటుకున్న వేళ్ళు ఉన్నాయి కదా. అవి తాగుతాయిలే."

"అవి పట్టుకోడానికేనమ్మా. తాగడానికి కాదు."

తర్వాత నిదానంగా చెప్పింది, చిన్నపిల్లకు చెప్పినట్టు. నీళ్ళు నేలలోని వేరు నుంచే పైకి పోవాలట. తీగ లోపల దారంకంటే సన్నటి గొట్టాలుంటాయట. ఆకు తన నీళ్ళు గాల్లోకి వదులుతూ ఉంటే కింది నుంచి కొత్త నీళ్ళు పైకి లాగబడతాయట. ఆ నీళ్ళతో, గాలితో, ఎండను మంటగా పెట్టుకుని ఆకు వంట చేసి తీగంతటికీ పెడుతుందట. ఇప్పుడు కింది నుంచి నీళ్ళు లేవు. వానా మంచూ ఉండబట్టి ఒంట్లో ఉన్న తడి ఇంకా ఆరలేదు.

"అది ఆరకముందే దించి ముక్కలు పాతితే కొన్ని బతుకుతాయి. ఆలీసమైతే ఒక్కటీ బతకదు."

"ఉండనీ," అన్నాను. అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. దాన్ని దించితే ఆ చెట్టు ఉత్త మాను. అంతవరకే నాకు తెలిసింది.

మధ్యాహ్నం మా వదిన వచ్చింది. మా ఆయన అక్క, పక్క ఊళ్ళో ఇల్లు. తుప్పలు కొట్టినవాళ్ళలో ఆమె కూడా ఉంది. మేనకోడలు చూపిస్తే వంగి చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మ! ఈ పక్క కొట్టింది నేనేనే. నా కత్తే అయ్యుంటాది. నా తమ్ముడు పెట్టిన పాదు..."

నేను అరుగు మీదే కూర్చుని ఉన్నాను.

"తిట్టు మరదలా. ఒక్క మాటైనా తిట్టవేటి?"

లేచి చెట్టు దగ్గరికి వెళ్ళాను, ఆమె మొహం చూడలేక. చేతికి అందిన ఒక ఆకు పట్టుకున్నాను. దూరం నుంచి మెరిసే ఆకే. వేళ్ళ మధ్య మాత్రం ఉతికిన పాతగుడ్డలా మెత్తగా ఉంది. మిరియం ఆకు అలా ఉండదు, పెళపెళలాడుతుంది. కింద ఇంకో ఆకు పట్టుకున్నాను. అదీ అంతే.

"దించీయండి," అన్నాను.

కత్తి నేను పట్టకూడదు, మా అమ్మాయీ పట్టకూడదు. వదిన పెళ్ళయి వేరే ఇంటి మనిషైంది కాబట్టి ఆమెకు ఆ పట్టింపు లేదు. నిచ్చెన వేసుకుని ఎక్కింది. పైనుంచి తీగ ఊడదీస్తుంటే బెరడును పట్టుకున్న వేళ్ళు పరపరమంటూ వచ్చేశాయి. ఒకచోట ఆగింది.

"ఇక్కడ నార కట్టున్నాది. కొయ్యనా?"

ఆయన ఈ ఏడు కట్టిన నార అది.

"విప్పు," అన్నాను.

చాలాసేపు పట్టింది. తిట్టుకుంటూనే విప్పింది.

కింద కూర్చుని వదిన కణుపులు చూసి ముక్కలు కోస్తుంటే, మా అమ్మాయి వాటి ఆకులన్నీ తుంచేయడం మొదలుపెట్టింది.

"కాలేజీకి పోయి ఆకులు పీకడం నేర్సుకున్నావేటే గుంటా? అదేటి, కోడి ఈకలా?"

"ఆకు ఉంటే ఉన్న నీళ్ళు గాల్లోకి పోతాయి అత్తా. వేరు వచ్చేదాకా ఆకు వద్దు."

"వంట సేసేది అదేనన్నావు, దాన్నే పీకేత్తన్నావు."

"నువ్వు నరికింది అతకాలంటే మరి ఏదో ఒకటి పీకాలి కదా!"

వదిన పకపకా నవ్వింది. మా అమ్మాయీ నవ్వింది. ఆయన పోయాక మా ఇంటి దగ్గర నవ్వు వినడం అదే మొదలు. నాకు అది గెడ్డ నీళ్ళు దాటి అవతలి ఊరి నుంచి వినబడినట్టుంది. తుంచడానికి కత్తి అక్కర్లేదు గనక నేనూ ఆకులు తుంచాను. పచ్చి మిరియాల వాసన చేతులకు పట్టింది.

అడవి మట్టి, బూడిద కలిపి పాత ప్లాస్టిక్ సంచుల్లో నింపాం. ముక్కలు గుచ్చి కాఫీ మొక్కల కింద నీడలో పెట్టాం. మా అమ్మాయి సోమవారం బస్సెక్కుతూ "నీళ్ళు మరీ ఎక్కువ పొయ్యకు, కుళ్ళిపోతాయి," అని చెప్పింది. నేను రోజూ వెళ్ళి మట్టి ముట్టుకుని చూసేదాన్ని. కొన్ని ముక్కలు కుళ్ళాయి. కొన్ని ఎండాయి. ముక్క పాడైన సంచి పక్కన పెట్టి మిగతావాటికి నీళ్ళు చిలకరించి వచ్చేదాన్ని. వాకిలి ముందు చెట్టు బోసిగా ఉంది. అటు కళ్ళు పెట్టడం మానేశాను.

పెద్ద భోజనం అయిపోయింది. కత్తి పట్టుకోవచ్చన్నారు. కాఫీ పండు ఎరుపెక్కే వేళకు, ఒక పొద్దున ఒక ముక్క కణుపు దగ్గర గోరంత ఆకు కనబడింది. మడత పూర్తిగా విప్పుకోలేదు. ఇంకో సంచిలో ఇంకోటి. నేను సంతోషించానని చెప్పను. అది అబద్ధం అవుతుంది. చెంబు ముంచి నీళ్ళు పోస్తుంటే మాత్రం చేతికి చల్లగా తగిలాయి. రోజూ అవే నీళ్ళు.

మళ్ళీ ఏడు వానలు పడ్డాక వాటిని తోటలో పాతాను. ఒక సంచి వదిన పట్టుకెళ్ళింది. ఒకటి వాకిలి ముందు చెట్టుకే, ఉత్తరం వైపు పెట్టాను. ఇప్పుడు నా మోకాలి దాకా వచ్చింది. అరటి నారతో కట్టాను. నా ముడి ఆయన ముడిలా ఉండదు, ఊరికే జారుతుంది. మళ్ళీ కడతాను.

గ్లాసులు ఇలా ఇచ్చేయండి, చీకటి పడకముందే బయలుదేరండి. మీ ఇంట్లో నాటినదానికల్లా పాకడానికి ఒక మాను దొరకాలి, మీ పొయ్యి మీద రోజూ ఏదో ఒకటి ఉడుకుతూ ఉండాలి, మీ పిల్లా పాపా చల్లగా ఉండాలి.