గుండుతో దర్శి దాకా

ఉదయం ఆరున్నరకు గుంటూరులో దర్శి బస్సెక్కాను. మా గైడుగారు పోయి పదిహేను రోజులైంది. నా తలమీద ఇంకా వెంట్రుకలు రాలేదు. నెలాఖరులోగా మరొకరు గైడుగా ఉంటానని సంతకం చెయ్యకపోతే, పత్తిలో తెల్లదోమ మీద పరిశోధనకు ప్రభుత్వం నాకిస్తున్న ఫెలోషిప్ ఆగిపోతుంది. ఆ దోమ సంగతి తెలిసిన పెద్దలు ఇటువైపు ఇక ఒక్కరే. దర్శిలో ఉంటారు. ఆయనకూ మా గైడుగారికీ పదేళ్ళుగా మాటల్లేవు.

చిలకలూరిపేటలో మిల్లు కూలీలు దిగాక సీటు దొరికింది. పక్కనున్న రైతు నా తల చూసి, "తిరపతి నుంచా అబ్బాయ్? లడ్డు ఏది?" అన్నాడు. కాదన్నాను. నా పనేమిటో అడిగితే చెప్పాను.

"దోమల్ని చూసినందుకు గవర్నమెంటు జీతమిస్తుందా?"

"ఇస్తుందండి. మూడేళ్ళు."

"పుట్టిన కాణ్ణించీ చూస్తన్నా. నాకు పెన్షనివ్వాల."

బస్సు నవ్వింది. చాలా రోజుల తర్వాత నేనూ నవ్వాను.

అద్దంకిలో ఇడ్లీ బాగుంటుంది. కారప్పొడి వేయించుకునేవారు నీళ్ళు ముందే దగ్గర పెట్టుకోవాలి.

దర్శిలో దిగి, ఎండకు తువ్వాలు తలకు చుట్టుకుని నడిచాను. ఆయన వరండాలో పత్తాకును భూతద్దంతో చూస్తున్నారు. నేను చెప్పిందంతా విన్నారు. మీ గైడు పద్ధతే తప్పని పదేళ్ళుగా అంటున్నాను, ఇప్పుడు దానికి నేను సంతకం పెట్టాలా అన్నారు. లేచాను. చెమట తుడుచుకోవడానికి తువ్వాలు తీశాను.

"మీ ఇంట్లో ఎవరు పోయారయ్యా?"

"మా గైడుగారేనండి. ఆయనకు కొడుకులు లేరు. కర్మ నేనే చేశాను."

ఆయన చాలాసేపు ఆకునే చూశారు. భూతద్దం మాత్రం కిందే ఉంది. తర్వాత కాగితం ఇమ్మని చెయ్యి చాపారు.

"నాకూ ఇద్దరూ ఆడపిల్లలే. అందుకని ఒప్పుకుంటున్నాననుకునేవు. దోమ కోసం."

వాళ్ళావిడ నాకు భోజనం పెట్టి, సున్నుండలు పొట్లం కట్టిచ్చారు.

ఈ ప్రయాణం ఖర్చును క్షేత్రపర్యటన కింద ఒప్పుకుంటారో లేదో తెలియదు. దారిలో దుమ్మెక్కువ, మాటలు ఇంకా ఎక్కువ. తిరుగు బస్సులో మిరపకాయల మూట మీద కూర్చున్న ముసలామె నా తల చూసి చెయ్యి చాపింది.

"తిరపతి పోయొచ్చావా నాయనా? కాస్త ప్రసాదం పెట్టు."

కాదని చెప్పబోయాను. చెప్పలేదు. పొట్లం విప్పి, సున్నుండలు చిన్న ముక్కలు చేసి అందరికీ పంచాను. వాళ్ళు కళ్ళకద్దుకుని తిన్నారు. ఆఖరి ముక్క నేనూ కళ్ళకద్దుకునే తిన్నాను.