గేటు దగ్గర నల్ల గొడుగు

మా సోషల్ సార్ పోయారని మొన్న బుధవారం పొద్దున చేవెళ్ల నుంచి ఫోన్ వచ్చింది. మొయినాబాద్ దగ్గర హైస్కూల్లో నేను కొత్తగా లెక్కల టీచరుగా చేరినప్పుడు ఆయన నాకు సీనియరు. పిల్లలు పిలిచినట్టే నేనూ సోషల్ సార్ అనే పిలిచేవాణ్ణి. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని పాత విద్యార్థులు అడిగారు. రాస్తాను. కానీ నా గురించి ఒక చెడ్డ మాట రాయకుండా అవి రాయలేను.

ఏటా చలికాలంలో పదో తరగతి పిల్లల్ని ఒకరోజు బీదర్ తీసుకుపోయేవారు. తెల్లారకముందే బస్సు, జహీరాబాద్‌లో టిఫిన్, పదింటికల్లా కోటలో. వేరే బళ్ల పిల్లలు వరుసలో నడుస్తూ ఏ రాజు ఏం కట్టించాడో నోటుబుక్కుల్లో రాసుకునేవారు. ఈయన అరగంటలో చెప్పాల్సింది చెప్పేసి, ఆ తర్వాత ఒక గంట పిల్లలకే వదిలేసేవారు. దానికి 'మీ గంట' అని పేరు పెట్టారు. ఆ గంటలో ఏ టీచరూ వెంట పోకూడదు. ఇద్దరిద్దరు జతగా ఎటైనా తిరగొచ్చు, కేకలు పెట్టుకోవచ్చు, ఊరికే కూర్చుని పల్లీలు తినొచ్చు.

"ఈ వయసు పోరగాండ్లకు కోట చూపెట్టొద్దు తమ్మీ, కోటల ఇడిసిపెట్టాలె. ఆళ్లే సూసుకుంటరు" అనేవారు.

తను మాత్రం లోపలి గేటు దగ్గర ఒక రాయి మీద నల్ల గొడుగు తెరిచి కూర్చునేవారు. ఎండ లేకున్నా మూసేవారు కాదు, ఎటునుంచైనా కనబడాలని. "భయమైతే గొడుగు దిక్కు రండ్రి. నేను ఈడికెల్లి కదల" అని పిల్లలకు చెప్పేవారు.

అందుకోసం ప్రయాణానికి ముందటి ఆదివారం ఆయన ఒక్కరే బస్సెక్కి పోయి కోటంతా నడిచి వచ్చేవారు. విరిగిన మెట్లు, మూత లేని బావి, తాగే నీళ్లు, ఆడపిల్లలకు బాత్రూము, అన్నీ ఒక డ్రాయింగ్ షీటు మీద వేసేవారు. పోకూడని చోట ఎర్ర గీత.

"పోయినేడు చూసిందే కదా సార్" అన్నాను ఒకసారి.

"పోయినేటి కోట పోయినేడే చూసినం" అన్నారు. నేను నవ్వాను.

హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసేవాళ్లు ఆదివారాలు కార్లేసుకుని మా వైపు భూములకు వచ్చే కాలమది. మా టీచర్లలో సగం మందిమి వాళ్లకు ప్లాట్లు చూపించేవాళ్లమే. స్టాఫ్‌రూంలో పాఠాల ముచ్చట తగ్గి గజాల ముచ్చట పెరిగింది. ఆ ముచ్చట్లో ఆయనొక్కరే కలిసేవారు కాదు. ఆ ఏడు ఆయనకు మోకాళ్లు పట్టేశాయి. "ఈసారి జర నువ్వు పోయి చూసి రా తమ్మీ" అని పాత షీటు నా చేతిలో పెట్టారు.

ఆ ఆదివారం చిన్న మంగళారంలో ఒక సాఫ్ట్‌వేర్ జంటకు ప్లాటు చూపిస్తానని మాటిచ్చి ఉన్నాను. బీదర్ పోలేదు. సోమవారం బడికి పోయేముందు పాత షీటు చూసి కొత్త షీటు దించాను. "అంత మంచిగనే ఉన్నది సార్" అన్నాను. ఆయన నమ్మారు.

ఆ ఏడు వానలకు బురుజు పక్క మెట్ల కింద మన్ను జారిపోయిందట. నా షీటులో అక్కడ ఎర్ర గీత లేదు. మా బడి ఖోఖో జట్టులో అందరికంటే వేగంగా ఉరికే సుజాత 'మీ గంట'లో ఆ మెట్లెక్కి పడింది. మూడు ఆపరేషన్లు చేసినా ఆమె కుడికాలు నిలవలేదు.

విచారణకు వచ్చిన ఆఫీసరు ముందు ఆయన, "ముందుగాల పోయి సూసింది నేనే. పొరపాటు నాదే" అన్నారు. పక్కనే నిలబడ్డాను. పోయి చూడనిది నేనని చెప్పలేదు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, ఇంట్లో ఆర్నెల్ల బిడ్డ. ఆయన్ని సస్పెండ్ చేశారు. బీదర్ ప్రయాణం ఆ ఏటితో ఆగిపోయింది.

వరండాలో నాతో ఒక్క మాటే అన్నారు. "నాకు రెండేండ్లల్ల రిటైర్మెంటు. నీకు శానా సర్వీసున్నది. ఇంక పిల్లల కాడ అబద్ధం ఆడకు." తిట్టి ఉంటే బాగుండేది. ప్లాట్ల పని అప్పుడే మానేశాను, అది గొప్పేం కాదు.

ఆయన ప్రతి ఆపరేషనుకూ దవాఖానలో సుజాత మంచం పక్కన కూర్చున్నారు. తర్వాత ఇంటికి పోయి పాఠాలు చెప్పి పది పాస్ చేయించారు. ఇప్పుడామె చేవెళ్లలో ఒక ఆఫీసులో పనిచేస్తోంది. దహనం నాడు కర్ర సాయంతో వచ్చి నా పక్కన నిలబడింది.

"మంచోడు సార్. ఆనాడు జర సక్కగ చూసుంటే నా కాలు ఉండేది గని, నేనేం మనసుల పెట్టుకోలే" అంది.

ఆయన చితి మీద ఉన్నారు, నా తప్పు ఇంకా ఆయన మీదే ఉంది. అప్పుడూ నేను మాట్లాడలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఆదివారం ఆమె ఇంటికి పోయి అంతా చెప్పాను.

"సార్‌కు ఎరుకనా?" అంది.

"ఆ మెట్లు చూడంగనే ఎరుకైంది."

"ఇన్నేండ్లు నా దగ్గర కూసున్నడు. ఒక్కనాడు చెప్పలే."

క్షమించమని అడగాలని పోయాను, అడగలేకపోయాను. ఆమె నా వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడింది.

"పడ్డంక నాకు పైన మొగులు తప్ప ఏం కనవడలే సార్. గా తర్వాత గేటు దిక్కుకెల్లి నల్ల గొడుగు కనవడ్డది. కదులుతున్నది. సార్ కదల అన్నడు గదా, ఎట్ల కదులుతున్నది అనుకున్న. గా మోకాళ్లతోని ఉరుకుతున్నడు. గాలికి గొడుగు ఎనుకకు మర్లింది, మూసుడు గూడ యాదికి లేదు. అట్లనే పట్టుకొని ఉరికొచ్చిండు."