ముప్పై రెండో జేబు

ఆ కుట్టు షెడ్డులో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ తెలియదు. పంతొమ్మిదేళ్ళుగా బడిపిల్లల ప్యాంట్లకు జేబులు తప్ప మరొకటి కుట్టలేదు కనుక అందరికీ జేబులక్క. చేతులు మిషను మీద, మొహం పక్క మిషను వైపు. జిప్పులు కుట్టే పిన్నితో లోకాభిరామాయణం చెప్పుకుంటూనే జేబు ముగించేది.

"కాస్త చూసి కుట్టవే తల్లీ, వేలు పోతుంది," అనేది పిన్ని.

"నా వేళ్ళకి కళ్ళున్నాయిలే పిన్నీ. నువ్వు నీ జిప్పు సంగతి చూసుకో."

అందరూ నవ్వేవాళ్ళు. గొప్పలు పోతోందనుకునేవాళ్ళు. నిజానికి అది గుట్టు. రెండేళ్ళుగా ఆవిడకు దగ్గరి చూపు మసకేస్తోంది. అద్దాలు మూడుసార్లు మార్చిన కళ్ళ డాక్టరు, ఇక మార్చడానికేమీ లేదని చేతులెత్తేశాడు. సూదిలో దారం ఎక్కించాల్సి వచ్చినప్పుడల్లా మిషను సూది ఊడదీసుకుని, గాలి ఆడట్లేదన్న వంకతో కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలుతురులో పని కానిచ్చుకుని వచ్చేది. ఇలా ఇంకో ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. ఆ తర్వాత ఎవరుంచుకుంటారు?

అలాంటప్పుడు వాళ్ళ లైనుకు ఇన్‌చార్జిగా ఉన్నావిడ పని మానేసింది. ఇన్‌చార్జికి మిషను ఉండదు. తిరగాలి, తడిమి చూడాలి, తప్పు పట్టుకోవాలి. జేబులక్క ప్రాణం లేచొచ్చింది. కానీ యజమానురాలు మేడమ్ ఒక మెలిక పెట్టింది. సరుకు కొనే కంపెనీ తరఫున నెలకోసారి వచ్చే చెకింగ్ ఆయనకు ఇంగ్లీషు తప్ప రాదు. శుక్రవారం ఆయన ముందు, షెడ్డులో ఉన్న ఏదో ఒక వస్తువు గురించి రెండు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడినవాళ్ళకే ఆ కుర్చీ.

జేబులక్క ఆడపడుచు బళ్ళో ఇంగ్లీషు చెబుతుంది. ఆదివారం పొద్దున్నే ఆమె ఇంట్లో వాలిపోయింది.

"ఏ మాట నేర్పమంటావ్ వదినా?"

"పాకెట్."

"అది నీకొచ్చుగా!"

"కుట్టడం వచ్చు. చెప్పడం రాదు."

ఆడపడుచు లావుపాటి నిఘంటువు తెరిచింది. బట్టకు కుట్టిన చిన్న సంచి అన్నంతవరకూ బండి బాగానే నడిచింది. రెండో అర్థం దగ్గర ఆగిపోయింది.

"బల్లకి పాకెట్లా? బల్లనెవరు తొడుక్కుంటారే?"

"బంతులాట బల్ల వదినా. మూలల్లో సంచులుంటాయి. కర్రతో కొడితే బంతి వెళ్ళి అందులో పడాలి."

"రోజూ పడుతుంటే అడుగు కుట్టు ఊడదూ?"

"ఊడదు! ఇంకోటి విను. ఆకాశంలో కూడా ఉంటాయట, ఎయిర్ పాకెట్లు. విమానం అందులోకి వెళ్తే ఒక్కసారి కిందికి జారుతుంది."

"మరి! కొలతల్లేకుండా కుడితే అంతే."

"నా బళ్ళో నలభైమంది ఒకెత్తు, నువ్వొక్కదానివీ ఒకెత్తు," అని ఆడపడుచు నెత్తి కొట్టుకుంది. "ఒకటైతే ముందు 'ఎ' పెట్టాలి. ఎ పాకెట్. సరేనా?"

"ప్యాంటుకి రెండుండగా ఒకటని ఎందుకు చెప్తాను? పరువు పోదూ?"

నవ్వీ నవ్వీ ఇద్దరికీ కళ్ళనీళ్ళొచ్చాయి. పొద్దు వాలేసరికి జేబులక్కకు ఎనిమిది వాక్యాలు వచ్చాయి.

మర్నాటి నుంచి అన్నాల వేళ ఆవిడ కిటికీ పక్కన చేరి, జేబు లోపలి తెల్లగుడ్డ ముక్కల మీద ఆ వాక్యాలను పెద్దపెద్ద అక్షరాలతో రాసి సాధన చేసేది. గుర్తులు పెట్టే నీలం పెన్సిల్ కనుక తడిగుడ్డతో తుడిస్తే పోయేది. బుధవారం ముప్పై రెండు ముక్కలు రాసి, తుడవబోతుంటే గంట కొట్టారు. తర్వాత తుడుద్దాంలే అని ముక్కల్ని బుట్టలో పడేసింది. మిషను దగ్గర ఆ బుట్టలోంచే తీసి, పిన్నితో కబుర్లాడుతూ ఒక్కొక్కటీ కుట్టేసింది. మసక కళ్ళకు తెలుపు మీద లేత నీలం ఆనలేదు. అక్షరాలు వేళ్ళకు తగలవు.

శుక్రవారం చెకింగ్ ఆయన వచ్చాడు. ప్యాంటు చేతికందగానే జేబులు బయటికి లాగి చూడటం ఆయన అలవాటు. లాగాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. పైకి చదివాడు.

"ఎ పాకెట్ ఈజ్ ఎ స్మాల్ బ్యాగ్."

ఇంకో ప్యాంటు. "ద బాల్ ఈజ్ ఇన్ ద పాకెట్." ఇంకోటి. "ప్లేన్ ఫాల్ ఇన్ ఎయిర్ పాకెట్."

మిషన్లన్నీ ఆగిపోయాయి. మేడమ్ మొహం కందగడ్డయింది.

"ఎవరిదీ రాత?"

"నోరెత్తకు," పిన్ని గొణిగింది. "కత్తిరింపు బల్ల దగ్గర కొత్తపిల్లలు రాశారనుకుంటారు."

జేబులక్క ఆ బల్ల వైపు చూసింది. దూరపు చూపు బాగానే ఉంది. ఇద్దరు కొత్తపిల్లలూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డారు. ఆవిడ లేచింది. బట్టీపట్టిన వాక్యాల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"మై పాకెట్," అంది. "ఐ రైట్. ఐ స్టిచ్."

"యు డిడ్ నాట్ సీ?"

ఆ ప్రశ్న అర్థమైంది. అర్థం కాకపోయుంటే బాగుండేదనిపించింది.

"నో సీ," అంది చివరికి. వేళ్ళు పైకెత్తి చూపించింది. "ఫింగర్ సీ."

పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

చెకింగ్ ఆయన కాసేపు ఆ వేళ్ళనే చూశాడు. తర్వాత తాను చూసి బాగున్నాయని పక్కన పెట్టిన, వేరే లైనులో కుట్టిన ప్యాంట్ల దొంతర ఆవిడ ముందుకు జరిపాడు. జేబులక్క ఒక్కోదాంట్లో చెయ్యి పెట్టి తీసింది. ఆరోదాంట్లో చెయ్యి ఆగింది.

"హియర్. ఓపెన్."

ఆయన జేబు లాగి చూశాడు. అడుగున గోరంత మేర కుట్టు తప్పింది. ఆయన పెద్దగా నవ్వి, మేడమ్‌తో గడగడా ఏదో చెప్పాడు. అందులో జేబులక్కకు తెలిసిన మాట 'పాకెట్' ఒక్కటే, మూడుసార్లు వినపడింది.

"సోమవారం నుంచి కుర్చీ నీది," అంది మేడమ్. కోపం పూర్తిగా పోలేదు. "ముందు ఆ రాతలన్నీ తుడువు. నోట్‌బుక్ అనేది ఒకటుంటుంది, తెలుసా?"

పిన్నీ తనూ తడిగుడ్డలు పట్టుకుని కూర్చున్నారు. పిన్ని ఒక్కో అక్షరాన్నీ కసిగా రుద్దింది.

"రెండేళ్ళు పక్కనే కూర్చున్నాను. ఒక్క ముక్క చెప్పలేదు."

"చెప్తే రోజూ నా సూదిలో దారం నువ్వెక్కించేదానివి."

"ఎక్కిస్తే?"

"అందుకే చెప్పలేదు."

పిన్ని తడిగుడ్డ ఆవిడ మీదకి విసిరింది. దాంతో రాజీ అయిపోయింది.

తీరా లెక్క చూస్తే ముప్పై ఒకటే తేలాయి. గురువారం వెళ్ళిన లోడుతో ఒకటి వెళ్ళిపోయింది.

"ఏ ఎయిర్ పాకెట్‌లోనో పడుంటుందిలే," అంది పిన్ని.

ఉన్నన్నాళ్ళూ జేబులక్క ఆ ప్యాంటును వెతుకుతూనే ఉంది. దారిలో ఆ రంగు యూనిఫాం కనబడితే చాలు, ఆపి, "జేబులో ఏముందమ్మా?" అని అడిగేది. పిల్లలు సుద్దముక్కలు, గోళీలు, సగం కొరికిన రబ్బరు తీసి చూపేవాళ్ళు. మొదటి ఉతుకుకే ఆ రాత పోయుంటుందని ఆడపడుచు ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకునేది కాదు.

"ఉతక్కముందే చదివుంటారే," అనేది. "కొత్త జేబులో చెయ్యి పెట్టి, లాగి చూడకుండా ఎవరుంటారు?"