చూసి రాసిన కథ, చదివి వినిపించిన కథ

2022లో నేను నందిగామ నుంచి రోజూ బస్సులో జగ్గయ్యపేట దగ్గరున్న ఒక హైస్కూలుకి వెళ్లేదాన్ని. తొమ్మిది, పది తరగతులకు ఇంగ్లీషు చెప్పేదాన్ని. అప్పటికి పదహారేళ్ల సర్వీసు. ఇక కొత్తగా నేర్చుకునేదేముందిలే అనే ధీమా కూడా బాగానే ఉండేది.

ఆ ఏడాది తొమ్మిదో తరగతికి ‘రీడింగ్ లాగ్’ పెట్టాను. అంటే, ఇంటికి తీసుకెళ్లిన ఇంగ్లీషు కథల పుస్తకం గురించి పిల్లలు నోట్సులో నాలుగు మాటలు రాసుకురావడం. కెజియా అనే అమ్మాయికి బొమ్మల్లేని ఓ నక్క కథ ఇచ్చి, "చదివి రాసుకురా" అన్నాను. సోమవారం తెచ్చింది. మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా పుస్తకం మొత్తం నోట్సులోకి ఎక్కించేసింది, గుండ్రటి అక్షరాలతో.

నేను మురిసిపోయి ‘గుడ్’ పెట్టి, క్లాసంతటికీ చూపించాను. ఆ తర్వాత అడిగాను.

"ఇంతకీ నక్క ఏం చేసిందమ్మా?"

"ఏ నక్క, మేడమ్?"

నాకు ఒళ్లు మండింది. "రెండు రోజులు కూర్చుని ఏం రాశావే మరి?" అని అరిచాను.

"మీరు రైటింగే కదా మేడమ్ చూసేది" అంది. పొగరుతో కాదు, ఉన్నమాట చెప్పింది.

మధ్యాహ్నం స్టాఫ్ రూమ్ దగ్గరికి వచ్చింది. "ఈసారి కూడా ఇంగ్లీషు పోతే మానేసి అమ్మతో మిరప కోతకి పోతా మేడమ్. అమ్మ వద్దంటంది. నాకే సిగ్గుగా ఉంటంది" అంది. పొద్దున్న అరిచినందుకు చాలా బాధేసింది.

పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద బొమ్మలు ఉన్న పుస్తకాలు తెచ్చిచ్చాను. వెనక్కి తోసేసింది.

"చిన్నపిల్లలవి మేడమ్. నవ్వుతారు."

పద్నాలుగేళ్ల పిల్ల, నిజమే. "ఇవి నీకని ఎవరన్నారు? పక్క ప్రైమరీ స్కూల్లో రెండో తరగతికి చదివి వినిపించాలి. ప్రతి శుక్రవారం నువ్వే టీచరువి" అన్నాను. షరతు ఒక్కటే. వాక్యం ఇంగ్లీషులో చదివి, తన సొంత తెలుగులో చెప్పాలి. పెన్ను ముట్టుకోకూడదు.

మొదటి శుక్రవారం పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. మధ్యలో ఒక చిన్నది అడిగింది, "అక్కా, ఏనుగు ఎందుకేడుస్తంది?"

కెజియాకి తెలియలేదు. "ఉండు, చెప్తా" అని పేజీ వెనక్కి తిప్పి, పెదాలు కదుపుతూ మళ్లీ చదివింది. అర్థం కోసం కెజియా పేజీ వెనక్కి తిప్పడం నేను చూడటం అదే మొదటిసారి. గుమ్మం దగ్గర నిలబడి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

అప్పటినుంచి చదవలేని పెద్దపిల్లలకు ఇలాంటి పుస్తకాలే ఇస్తున్నాను. ఒకే వాక్యం మళ్లీ మళ్లీ వచ్చేవి, తిండి గురించీ జంతువుల గురించీ ఉన్నవి. వినడానికి చిన్నపిల్లలు ఉండాలి, అది మాత్రం తప్పనిసరి. కాస్త ధైర్యం వచ్చాక దొంగల కథలున్న పల్చటి పుస్తకాలు.

ఆ ఏడాది కెజియా బొటాబొటి మార్కులతో గట్టెక్కింది, బడి మానలేదు. పదో తరగతిలో ఒకరోజు నేను ఏరికోరి అందరికీ ఇచ్చే దొంగల కథ తెచ్చి బల్లమీద పెట్టింది.

"సగమే చదివా మేడమ్. బాలేదు. దొంగెవరో రెండో పేజీలోనే తెలిసిపోయింది."

నా సర్వీసులో ఒక పిల్ల నాకిష్టమైన పుస్తకం బాలేదనడం అదే మొదలు. చదవకుండా ఆ మాట అనలేదు కదా. ఇప్పుడు ఏ నోట్సూ తెరవకముందే అడుగుతాను, కథ నచ్చిందా లేదా అని. నచ్చలేదన్న పిల్లని కూర్చోబెట్టి, ఎందుకో చెప్పించుకుంటాను.