తెల్లచీర దేవదూత

వేడి ఇసుకలో బొరుగులు వేగుతున్న వాసన తగిలితే ఈ వయసులోనూ నా తల వంగిపోతుంది. అది కోటమ్మవ్వ వాసన. విడవలూరు దాపున మా సముద్రపు పల్లెలో మా పక్కింటి మనిషి. తెల్లచీర, నోట్లో చుట్ట, నెత్తిన బొరుగుల గంప. నేను బడికి పోలేదు. మా నాయన బైబిలు ముందు పెట్టి ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. సముద్రాన్ని చదవడం నేర్పింది మాత్రం అవ్వే.

వాగు సముద్రంలో కలిసేచోట నీటి అడుగున ఏడుగురు అక్కచెల్లెళ్ళు ఉంటారనేది ఆమె. దాటేముందు గుప్పెడు బొరుగులు చల్లాలి. ఉన్నచోటే తేలితే వాళ్ళు నిద్రలో ఉన్నట్టు. సముద్రంవైపు లాక్కుపోతే ఆకలిమీద ఉన్నట్టు, దిగకూడదు. చిన్నప్పుడు ఆమె చెయ్యి పట్టుకొని నేనూ చల్లాను. పద్దెనిమిదేళ్ళకు చర్చి ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెప్పేదాన్నయ్యాక అది విగ్రహారాధనగా తోచింది.

ఒకరోజు ఆ పిల్లల్లో ఒకతైన ఐదేళ్ళ మేరిని గవ్వలకు తీసుకుపోతుంటే, వాగు దగ్గర అవ్వ ఎదురై చల్లి దిగమంది. "మాకు ప్రార్థన చాలవ్వా" అన్నాను. చల్లకుండానే దిగాం. నాకు మోకాలి లోతే. మేరి కాళ్ళు నిలవలేదు. నీళ్ళు అడుగునుంచి లాగేశాయి. నేను కేకలు పెడుతూ నిలబడిపోయాను. గంప పడేసి దూకి, బిడ్డను జుట్టు పట్టి గట్టుకు చేర్చింది అవ్వ. ఒలికిన బొరుగులు బారుగా సముద్రంలోకి పోతుండడం అప్పుడు చూశాను.

ఆ ఆదివారం చర్చిలో మైకు ముందు సాక్ష్యం చెప్పాను. ప్రార్థించాననీ, తెల్లబట్టల్లో ఎవరో వచ్చి బిడ్డను ఎత్తారనీ అన్నాను. అవ్వ పేరు చెబితే ఆమె హెచ్చరించిన సంగతీ చెప్పాలి. సాయంత్రానికి పల్లెంతా దేవదూత అంది.

మైకు అవ్వ ఇంటిదాకా వినిపించింది. మరునాడు గుమ్మంలో చుట్ట ముట్టిస్తూ, "ఏమ్మే, ఆ దేవదూత చుట్ట తాగతాదని చెప్పలేదే?" అంది. నేను ఏడ్చాను. బిడ్డ బతికింది, అంతే చాలని నా ఒళ్ళో గుప్పెడు బొరుగులు పోసింది. వచ్చే ఆదివారం చెబుదామనుకున్నాను. ఎన్ని ఆదివారాలో గడిచాయి. అవ్వ పోయింది.

మొన్న ఆదివారం బడిలో మేరి మనవరాలు ఆ కథ నాకే చెప్పింది. దేవదూతకు రెక్కలు కూడా వచ్చాయి. పిల్లలందరి ముందు, రెక్కలు లేవనీ, ఆమె పేరు కోటమ్మ అనీ, నేను దాచాననీ చెప్పాను.

"మా మేరి జేజికి తెలవదా? రెక్కలుండాయి" అంది ఆ పిల్ల, నామీద జాలిపడుతూ.

దేవునికి స్తోత్రం చెప్పే ప్రతిసారీ ఆయన పంపిన ఆ మనిషి పేరూ పలుకుతున్నాను. ఎవరూ వినని చోట పలకడం తేలికే. ఈ సాయంత్రం గుప్పెడు బొరుగులు కొంగున కట్టుకొని మేరి ఇంటికి బయలుదేరుతున్నాను.