మెయిన్ దించి వచ్చిన సాయంత్రం

మా అక్క కూతురు సూరత్‌లోని డిండోలిలో సాంచాల చప్పుడులో పెరిగింది. పవర్‌లూమ్‌ను మావాళ్లు సాంచా అంటారు. పెద్దయ్యాక ఆ ఊళ్లోనే ఒక ల్యాబ్‌లో పరిశోధనకు చేరింది. పిండిపురుగు ఒంట్లో కొవ్వును ఖర్చుకు సిద్ధం చేసే ఎంజైమ్ ఒకటుంది. మిణుగురుకు వెలుగునిచ్చే ఎంజైమ్‌కు అది దూరపు చుట్టం. దాని జన్యువును అక్కడక్కడా మార్చి, మిణుగురు ఒంట్లోని ఇంధనం అందించి, వెలుగు పుట్టించడం ఆమె పని. మూడేళ్లకు ఒక గొట్టంలో వెలుగు పుట్టింది, కంటికి కాదు, యంత్రానికి మాత్రమే అందేంత. ఏ మార్పు వల్ల పుట్టిందో ఇంకా తేల్చుకోవాలి.

"పిండిపురుగుకు బల్బు పెడుతదట నా బిడ్డ," అనేవాడు బావ. "మనింట్ల డబ్బ నిండ ఉన్నయి. కరెంటు బిల్లు తప్పుతది."

"ముందు నీ పిండి జల్లించుకో బావా," అనేవాణ్ణి.

కరోనాకు ల్యాబ్ మూసేయమన్న సాయంత్రం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. అందరికంటే ఆఖరున తనే బయటికొచ్చానంది. సాంచాల షెడ్డులో ఆఖరున బయటికొచ్చేవాళ్లు మెయిన్ స్విచ్ దించాలి, నూలు నుసికి నిప్పంటుకోకుండా. చిన్నప్పుడు బావ ఆమె చేతనే దింపించేవాడు.

"మెయిన్ దించినవా బిడ్డా?"

"దించిన నాయినా."

"గట్లుండాలె."

ముప్పై ఏళ్లు పత్రికలో ప్రశ్నలడిగి బతికిన నాకూ అడగాల్సిన ప్రశ్న తట్టలేదు.

నాలుగో రోజు ఫోన్ చేసింది. "మామా, డీప్ ఫ్రీజర్ గూడ గా మెయిన్ మీదనే ఉన్నది."

నా ప్రెస్ కార్డు బారికేడ్లు దాటించింది గానీ, ల్యాబ్ తలుపు తీయించలేకపోయింది. తాళాలున్న వాచ్‌మన్ ఊరెళ్లిపోయాడు. తలుపు తెరిచేసరికి నెల దాటింది. ఫ్రీజర్‌లో దాచిన, ఆ మారిన జన్యువులను మోసే బ్యాక్టీరియా అంతా కుళ్లిపోయింది. గొట్టాల మీద ఆమె రాసిన అంకెలు కూడా కారిపోయాయి.

తను నేర్పిన అలవాటే ఇంత చేసిందని తెలిస్తే బావ తట్టుకోలేడని ఆమే నేనూ దాచాం. ఆయన అడిగినప్పుడల్లా "వెలుగుతది నాయినా, జర టైం పడతది" అనేది. రెండో వేవ్‌లో ఆక్సిజన్ మాస్కుతో, వీడియో కాల్‌లో కూడా అడిగాడు. అదే చెప్పింది. మూడో రోజు పోయాడు.

దినాలయ్యాక నా పక్కన కూర్చుని అంది.

"చెప్పాల్సుండె మామా. మస్తు తిట్టెటోడు. తిట్టి, మల్ల చెయ్యి అనెటోడు. ఇప్పుడు గట్ల ఎవరంటరు?"

ఆ మాట నేనన్నాను. నా మాటలో ఆ బలం లేదు. నెలాఖరుకు ఆమె ల్యాబ్ గుర్తింపు కార్డు తిరిగి ఇచ్చేసి వచ్చింది.